తడి తుండు, మంచుకొండ గద్ద

ఇందులో ప్రతి మాటా నిజం. మా అమ్మ జొన్నలు చెరిగిన చేట మీద ఒట్టు. నాకు అన్నం పెడుతున్న డ్రోన్ నాలుగు రెక్కల మీద ఒట్టు. కోవిల్‌పట్టి వేరుశనగ మిఠాయి పాకం మీద ఒట్టు. ఈ మూడో ఒట్టు మా ఊళ్ళో ఎవరూ ఊరికే వెయ్యరు. వేసి తప్పితే ఊళ్ళో పాకమంతా ముదిరిపోతుంది, మిఠాయి కొరికిన వాళ్ళందరి పళ్ళ పాపం మనకు చుట్టుకుంటుంది.

నేను కోవిల్‌పట్టిలో పెళ్ళిళ్ళకు వీడియో తీస్తాను. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం, అదే మా బతుకు. ఈ అక్షరాలు మాత్రం కుర్రతనంలో తిరుపతి స్టూడియోలో పని చేస్తూ, ఆల్బముల మీద పెళ్ళికూతుళ్ళ పేర్లు తప్పు రాసి తిట్లు తింటూ నేర్చుకున్నాను. మా అక్కను విరుదునగర్‌లో ఇచ్చారు. బావది శివకాశి అచ్చాఫీసు ఒకదానికి క్యాలెండర్ ఆర్డర్లు పట్టే పని. రోజుకొక కాగితం చించే దిన క్యాలెండర్లు. పైన అట్ట మీద ఒకే ఒక బొమ్మ ఉంటుంది, ఏడాదంతా గోడ మీద అదే మొహం. దేవుడి పటం కావాలనే అంగళ్ళు కొన్ని. అన్ని మతాల వాళ్ళూ వచ్చే అంగళ్ళకు మాత్రం కొండో, జలపాతమో కావాలి. బావ సామ్రాజ్యం ఈ రెండో రకం.

పోయినేడు ఆ సామ్రాజ్యం కూలింది. అచ్చాఫీసు వాళ్ళు నెట్‌లోంచి ఒక మంచుకొండను దించి వేశారు. అదే కొండను పోటీ అచ్చాఫీసు కూడా వేసింది. విరుదునగర్ బజారులో ఒక పప్పుల అంగడివాడు రెంటినీ పక్కపక్కన తగిలించి, దారిన పోతున్న బావను పిలిచి కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. బావ తాగేదాకా ఆగి, "ఈ కొండకు ఎందరు మొగుళ్ళన్నా?" అని అడిగాడు.

ఆ మాట బజారంతా తిరిగింది. బావ ఆ వీధి మానేసి చుట్టు దారిలో తిరిగాడు. ఈసారి అచ్చాఫీసుకు పోయి, యజమాని ముందు నిలబడి మాట ఇచ్చేశాడు: "లోకంలో ఎవరూ వేయని మంచుకొండ తెస్తాను. మా బామ్మర్దే పోయి పైనుంచి తీస్తాడు. తేలేకపోతే రేపట్నుంచి ఈ గడప తొక్కను." శివకాశిలో, అరవ లెక్కన ఆడి నెల పద్దెనిమిదో నాడు కొత్త నమూనాల ఆల్బముకు పూజ చేసి బయటికి తీస్తారు. ఆ నాటికి బొమ్మ చేతిలో ఉండాలి.

మాట ఇచ్చాక నాకు చెప్పాడు.

"నువ్వు మంచుకొండల్లో ఎగరేసినావు కదా బామ్మర్దీ. ఇంకోతూరి ఎగరేసి రావల్ల."

"నన్ను ఒక మాట అడగొద్దా బావా?"

"అడిగితే ఒద్దంటావు. అందుకే అడగలే."

ఇక్కడ ఒక చిన్న సంగతి. నేను మంచుకొండల్లో డ్రోన్ ఎగరేశానని అక్క ఇంట్లో అన్నం తింటూ ఎప్పుడో అన్న మాట నిజమే. అది అబద్ధం కాదు. ఇంకా జరగని నిజం. అక్క నా మొహం చూసి అంతా గ్రహించింది.

"తమ్ముడా," అంది పులుసు వడ్డిస్తూ, "ఆయన ఇచ్చిన మాట, నువ్వు చెప్పిన మాట, రెండూ ఒకే చోట కూసున్నాయి. ఏది లేస్తాదో సూస్తా."

ఆ పూట నుంచి నాకు కాలు నిలవలేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే మేడ మీదికి పోవాలనిపిస్తుంది, మేడెక్కితే గాలి. మా వైపు గాలి సంగతి మీకు తెలియదు. ఆడి గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందని సామెత. ఆ నెలలో మేకలను మేపడానికి తోలితే గాలి వాటాన పోతూనే ఉంటాయి, ఎదురు తిరిగి రాలేవు. సాయంత్రం కడంబూరు పోయి వాటిని బస్సెక్కించి తీసుకొస్తాం. కండక్టరు పిల్లలకు అర టిక్కెట్టే కొడతాడు.

గాలికి గాలే గురువని, బావా నేనూ కడంబూరు దారిలో మా పెదనాన్న వాళ్ళ నల్లరేగడి చేలోకి సాధనకు పోయాం. కరెంటు తీగలు లేవు, మనుషులు లేరు, కళ్ళకు అడ్డమేమీ లేదు. డ్రోన్ కంటికి కనబడేంత దూరంలోనే ఉండాలని నా మొదటి నియమం. చేటతో చెరిగేవాళ్ళను చూసి పెరిగినవాణ్ణి, గుప్పెడు దుమ్ము వదిలితే గాలి ఎటో తెలుస్తుంది. కానీ కింద గాలి వేరు, పైన గాలి వేరు. కింద గడ్డి కదలదు, తాటిచెట్టు తలకాయ మాత్రం గలగలా వాదిస్తూ ఉంటుంది. డ్రోన్ ఎగిరేది ఆ వాదనలో. అందుకే బావకు చెప్పాను: మొదట గాలికి ఎదురు పోవాలి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే కష్టపడాలి. వచ్చేటప్పుడు గాలే తోలుకొస్తుంది. గాలి వాటాన హాయిగా పోయామా, తిరుగు దారిలో ఏడుపే.

"మేకల మాదిరి," అన్నాడు బావ.

"మేకల మాదిరే. దీనికి బస్సు లేదు."

ఇంకొకటి ఒక్కసారి చెబితే చాలు, బావ నేర్చుకున్నాడు. మా ఎండకు ఒకసారి ఎగిరి దిగిన బ్యాటరీ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. ఆ వేడిలోనే మళ్ళీ ఎగరేస్తే ఉబ్బి చస్తుంది. అందుకని దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి ముడేసి, పైన తడి తుండుగుడ్డ చుట్టి, నీళ్ళకుండ కింది చెమ్మ ఇసుక మీద పడుకోబెడతాం. బావ ఆ పని తనదని తీసుకున్నాడు. ఆకుపచ్చ అంచు తుండు ఒకటి దానికే కేటాయించాడు. బ్యాటరీ నా చేతికి ఇచ్చే ముందు చెంపకు ఆనించి చూసుకుని, "సల్లగుండాది, ఎగరెయ్" అనేవాడు. జ్వరం తగ్గిన బిడ్డను చూసిన తల్లిలా ఉండేది ఆ మొహం.

రైలెక్కాం. విరుదునగర్ నూనె పరోటాలు మొదటి రోజే అయిపోయాయి. మిఠాయి మాత్రం అక్క రెండు పెద్ద డబ్బాలు కట్టింది. రైలు, బస్సు, జీపు. మనాలి దాటి, కనుమ దాటి, చెట్టనేది మొలవని ఎత్తులో ఒక ఊరు. డ్రోన్ ఎగరేయవచ్చా అని అధికారులను అడిగి అనుమతి తీసుకున్నాం. సరిహద్దు వైపు మొహం కూడా తిప్పవద్దని చెప్పారు. మా బస ఇంటి ఎదుట ఒక లోయ, లోయలో రాళ్ళ ఏరు, ఏటికవతల కొండ. ఆ కొండ నెత్తిన మంచు, కింద గోధుమరంగు రాయి, మధ్యలో ఎవరో గీటు గీసినట్టు ఒక ఎర్రని చార. ఏ క్యాలెండర్‌లోనూ నేను చూడనిది.

"ఇదే," అన్నాడు బావ. అప్పటికి అతని మీద మూడు చొక్కాలు, ఒక స్వెట్టరు, కోతిటోపీ, దాని మీద తువ్వాలు తలపాగా. కళ్ళు రెండే బయట. "దీనికి ఒకే మొగుడు. మనమే."

అయితే గాలి ఒప్పుకోలేదు. పొద్దెక్కేసరికి లోయలోంచి లేస్తుంది, చీకటి పడేదాకా ఆగదు. ఇంటి మేడ మీద కట్టిన రంగుగుడ్డల తోరణాలు చిరిగిపోతాయేమో అన్నట్టు కొట్టుకుంటాయి. అక్కడ తాటిచెట్టు లేదు కాబట్టి నేను వాటినే చూసేవాణ్ణి. చూసి, లోపలికి పోయి, ప్రొపెల్లర్లు ఊడదీసి, తుడిచి, బిగించి, మళ్ళీ బయటికి వచ్చి చూసేవాణ్ణి. ఫోన్‌ను గుండె జేబులో పెట్టుకోకపోతే చలికి ఊరికే ఆరిపోయేది. వేళ్ళు మొద్దుబారితే రిమోట్ మీది స్టిక్కును ఎంత నొక్కానో నాకే తెలిసేది కాదు. చేతి తొడుగుల వేళ్ళ కొసలు కత్తిరించుకున్నాను. బావ నా వెనకే తిరిగేవాడు. ఇద్దరం ఆ ఇంటి చుట్టూ గానుగెద్దుల్లా తిరిగి మట్టిలో ఒక బాట వేశాం.

"ఇప్పుడు తగ్గింది కదా?"

"లేదు బావా."

"ఆ గుడ్డ కొంచెం నిదానించింది."

"అది చుట్టుకుని ఇరుక్కుంది బావా."

శివకాశి నుంచి యజమాని ఫోన్. బావ అరవంలో, "ఇదిగో అయ్యా, బొమ్మ తీసినట్టే" అనేవాడు. పెట్టేసి నా వైపు చూసేవాడు కాదు. అక్క ఫోన్ ఇంకోరకం.

"ఆయన తింటాండాడా?"

"మిఠాయి తింటాండాడక్కా. వేరే ఏది పెట్టినా వాసన అంటాండాడు."

"సలి ఎక్కువైతే తీసుకొచ్చెయ్ తమ్ముడా. పటం లేకపోతే పాయె." గొంతు తగ్గించింది. "లేదులే. పటంతోనే తీసుకురా. పోయినేడాది మాదిరి ఆయన ఇంట్లో సుమ్మా ఊరికే కూసుంటే నేను సూడలేను."

అది విన్నాక నాకు కంటి మీద కునుకు లేదు. మర్నాడు మధ్యాహ్నం జీపు వెనక్కి పోతుంది. అది తప్పితే ఆడి పద్దెనిమిదికి శివకాశి చేరలేం. మిగిలింది ఒక ఉదయం.

తెల్లవారగానే చూస్తే తోరణాలు ఊగుతున్నాయి, కొట్టుకోవడం లేదు. ఎండ ఇంకా కొండ నెత్తికి రాలేదు. వస్తే ఎర్రచార వెలుగుతుంది, వెంటనే గాలీ లేస్తుంది. ఆ రెంటి మధ్య ఉన్న సందే మాది. చలిలో బ్యాటరీ లోపలి సత్తువ గడ్డకడుతుంది. పైకి నిండుగా చూపించి, గాల్లో ఉన్నట్టుండి నేల చూపులు చూస్తుంది. అందుకని ఉన్న బ్యాటరీలను రాత్రంతా నా పక్కలో పెట్టుకుని, పొద్దున ఒక గుడ్డ పట్టీలో కట్టి బావకు ఇచ్చాను.

"నీ పొట్ట మీద కట్టుకో బావా, స్వెట్టరు లోపల. నాకంటే నీ పొట్టే పెద్ద పొయ్యి."

కట్టుకున్నాడు. నేను ఏటి గట్టున చదునైన చోటు వెతికి, చాప పరిచి, అది ఎగరకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, డ్రోన్‌కు దిక్కులు సరిచేసుకుంటున్నాను. తల తిప్పితే బావ లేడు. తొందర, కోపం, కొండ నెత్తిన అప్పుడే బంగారు గీత. కేక వేద్దామనుకునేంతలో ఏటి వైపు నుంచి వచ్చాడు. రెండు చేతుల్లో, ప్రసాదం తెచ్చినట్టు, ఆకుపచ్చ అంచు తుండు.

"పొట్ట మీద రొంబ వేడెక్కినాయి బామ్మర్దీ. నాకు బయమేసింది. ఇంత వేడిలో ఎగరేస్తే ఉబ్బుతాయని నువ్వే చెప్పినావు కదా. కవరులో పెట్టి, ఏట్లో తుండు ముంచి చుట్టినా." చెంపకు ఆనించి చూసుకున్నాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి. "మన కుండ నీళ్ళు ఎంత. ఇది ఐసు నీళ్ళు. సల్లగుండాది, ఎగరెయ్."

తడిసిన అతని వేళ్ళు వంకాయ రంగుకు తిరిగి ఉన్నాయి. ఆ చేతులు చూస్తూ ఏమనగలం.

"మంచి పని చేశావు బావా," అన్నాను.

అటు తిరిగి, ఒక బ్యాటరీని కవరులోంచి తీసి తుడిచి చంకలో ఇరికించుకున్నాను. చేపను ఇరికించుకున్నట్టుంది. కొండ మీద వెలుగు దిగుతోంది. ఎర్రచార అంటుకుంది. తోరణం ఒకసారి ఫెళ్ళుమంది. ఇంకొంచెం వెచ్చబడనీ అని ఒక మనసు, ఇప్పుడు కాకపోతే లేదని ఒక మనసు. కాళ్ళతో నేల తొక్కుతూనే ఉన్నాను. చివరికి బ్యాటరీ పెట్టేశాను. నిండుగా ఉందని చూపించింది. మోకాలి ఎత్తున గాల్లో నిలబెట్టి, దానంతట అదే వేడెక్కనిచ్చాను. అక్కడ గాలి పలచన, రెక్కలకు పట్టు తక్కువ, ఎప్పటికంటే గట్టిగా ఏడుస్తోంది. తర్వాత పంపాను.

కొండ ఉన్నది గాలి వాటానే. నేను కడంబూరు దారిలో బావకు చెప్పిన మాట నాకే వినిపించింది. అయినా పంపాను. డ్రోన్ మేకలా పోయింది.

కొండ ముందు నిలబెట్టి తెరలో చూస్తే, పటంతోనే తీసుకురా అన్న అక్క గుర్తుకొచ్చింది. మంచు, రాయి, ఆ ఎర్రచార, కింద తీగలాంటి ఏరు. ఒకటి తీశాను, కొంచెం ఎత్తి ఇంకొకటి తీశాను.

అప్పుడు వచ్చింది గద్ద.

మా ఊరి గద్ద కాదు. అక్కడి గద్ద రెక్క విప్పితే పెళ్ళిపందిరి రేకు పరిచినట్టుంటుంది. సూర్యుడి వైపు నుంచి దిగింది, తెర ఒక్కసారి చీకటైంది. ముందు పక్కన ఎగురుతూ డ్రోన్ మొహంలోకి చూసింది. ఇది తన జాతి కాదని రూఢి చేసుకుని, కాలితో ఒక్కటిచ్చింది. డ్రోన్ పల్టీ కొట్టింది. బ్యాటరీ అంకె మెట్ల మీద నుంచి దొర్లిన చెంబులా పడిపోతోంది. బీప్ బీప్ మంటోంది.

ఇంటికి రమ్మనే బటన్ ఒకటుంది. అది నొక్కితే డ్రోన్ ముందు పైకి లేచి, గాలి ఎక్కువున్న ఎత్తులో ఎదురీదుతూ అక్కడే ఉండి చస్తుంది. నొక్కలేదు. ముక్కు కిందికి దించి, ఏటి పక్క రాళ్ళను ఆనుకున్నట్టుగా, గడ్డి కదలని గాలిలోకి తెచ్చాను. ఆకలేసిన కుక్కలా నేల వాసన చూసుకుంటూ వస్తోంది. గట్టు దాకా రాదని తెలిసిపోయింది. ఎర్ర అంకె మెరుస్తోంది. ఎక్కడ పడితే అక్కడ పడేకంటే మనం దించిన చోట దిగడం మేలని, నీళ్ళకు కొంచెం ఇవతల ఇసుక మేట కనబడితే దాని మీద దించేశాను. ఒక ప్రొపెల్లరు కొస విరిగిన చప్పుడు రిమోట్‌లో వినబడదు, పళ్ళలో వినబడింది.

బావ ఒక బండ చాటున, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నా మొహం చూసి లేచాడు.

"పాయెనా?"

"దిగింది. బొమ్మ లోపలే ఉంది."

"ఏమైంది మరి? బ్యాటరీ సల్లగానే ఇచ్చినానే."

"గద్ద బావా," అన్నాను. "గద్ద కొట్టింది."

రాళ్ళ మీద పడుతూ లేస్తూ పోయి తెచ్చుకున్నాం. తిరిగి ఎక్కేటప్పుడు ఊపిరాడక ప్రతి పది అడుగులకూ కూర్చున్నాం, కూర్చుంటే చలి, లేస్తే ఆయాసం. జీపెక్కాక కార్డును ఫోన్‌కు తగిలించి చూశాం. బొమ్మ ఉంది. సూదిలా ఉంది. బావ కోతిటోపీ మొదటిసారి తీసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

శివకాశిలో ఆడి పద్దెనిమిది నాడు ఆల్బముకు పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం తిప్పారు. మొదటి పుటలో మా కొండ. యజమాని చాలాసేపు చూసి, "ఇంకోటి మంచిది లేదా?" అని అడిగాడు. బావ సిద్ధంగా ఉన్నాడు. "గద్ద ఉండనిస్తేగా అయ్యా," అని మొదలుపెట్టాడు. అచ్చుయంత్రం దగ్గర పనివాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. ఆ పూట గద్ద రెక్కలు గుమ్మమంత ఉన్నాయి. విరుదునగర్ చేరేసరికి గోడౌను తలుపంత అయ్యాయి. పప్పుల అంగడివాడి దగ్గర బావ తనే వెళ్ళి కూర్చున్నాడు. ఈసారి టీ తనే తెప్పించాడు.

"ఈ కొండకు మొగుడు ఒక్కడే. అడగాలంటే గద్దను అడుగు."

ఆ అంగడివాడు రెండు కట్టలు ఆర్డరిచ్చాడు. ఇస్తూ, "బొమ్మలో గద్ద కూడా పడివుంటే బాగుండేదన్నా" అన్నాడంట. బావ ఇప్పుడు ఆ వీధిలోంచే ఇంటికి పోతున్నాడు, చుట్టు దారి లేదు. అక్క ఫోన్ చేసి, "ఆయన తిండి తింటాండాడు తమ్ముడా. గద్ద కతే రోజూ కూర," అంది.

టీ అంగట్లో నేను ఈ సంగతంతా చెబుతుంటే ఒక చోట అందరూ నవ్వి తోసేస్తారు. మంచుకొండల్లో బ్యాటరీకి ఐసునీళ్ళ తుండు ఎవడైనా చుడతాడా, నీ కోతలు మా దగ్గరా అంటారు. గద్ద దగ్గర మాత్రం ఒక్కడూ మాట్లాడడు. నోరు తెరుచుకుని వింటారు.

ఇక ఒట్టు సంగతి. తుండు నిజం. అలాంటిది కల్పించే తెలివి నాకు లేదు. కొండ నిజం, అక్క మాట నిజం, మేకలను బస్సెక్కించడం ఎవరినైనా అడగండి. గద్ద మాత్రం రాలేదు. ఆ పొద్దున ఆకాశంలో పిచ్చుక కూడా లేదు. డ్రోన్‌ను దించింది చల్లబడ్డ బ్యాటరీ, గాలి వాటాన పంపిన నా తొందర. ఆ మాట ఆ బండ చాటున, వంకాయ రంగు వేళ్ళ ముందు నాకు నోట రాలేదు, గద్ద వచ్చింది.

బావకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. అందుకే ఇది ఈ అక్షరాల్లో రాశాను. మీరు ఎప్పుడైనా విరుదునగర్ వైపు వస్తే గద్ద రెక్కలు ఎంతో ఆయన్నే అడగండి. ఎంత చెబితే అంత.